ఆర్‌ఎన్‌ఏ మందుల వార్తల్లో కనబడని మధ్య భాగం

సంపాదకుల వారికి,

నమస్కారం. కృత్రిమ మేధ (ఏఐ) కొన్ని నిమిషాల్లో ఆర్‌ఎన్‌ఏ మందును రూపొందించిందన్న తరహా వార్తలు ఈమధ్య తరచూ చూస్తున్నాం. ఆర్‌ఎన్‌ఏ అంటే ఏ, యూ, జీ, సీ అనే నాలుగు రసాయన ‘అక్షరాల’ వరసతో కణంలో జన్యువు సందేశాన్ని మోసే అణువు. ఈ రంగం మీద తెలుగు పాఠకులకు ఆసక్తి పెరుగుతున్నందుకు మాకు సంతోషమే. కానీ ఆ వార్తల్లో మొదట కంప్యూటర్ తెర కనిపిస్తుంది, చివర ఇంజెక్షన్ సూది కనిపిస్తుంది. మధ్యలో ఏళ్ల తరబడి జరిగే పని మాత్రం కనిపించదు. ఆ పని చేసేది చాలావరకు పీహెచ్‌డీ ముగించుకుని, ఇంకా స్థిరమైన ఉద్యోగంలో కుదురుకోని పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులు. ఆ మధ్య భాగంలో ఏం జరుగుతుందో, ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ రంగంలో మోడళ్లకు, అంటే డేటా నుంచి నేర్చుకుని ఫలితాన్ని ఊహించే కంప్యూటర్ ప్రోగ్రాములకు, కొరత లేదు, నమ్మదగ్గ కొలతలకే కొరత. పొడవైనా పూర్తిగా ప్రచురించమని మనవి.

ముందుగా ఒక గందరగోళం తీరాలి. వెన్నెముక కండరాల క్షీణత వ్యాధి ఉన్న పసిపిల్లల కోసం విరాళాలు సేకరించినప్పుడల్లా మన పత్రికల్లో కనిపించే ‘16 కోట్ల ఇంజెక్షన్’ ఆర్‌ఎన్‌ఏ మందు కాదు. అది హానిలేని వైరస్ తొడుగులో జన్యువును పంపే జన్యు చికిత్స. అదే వ్యాధికి 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్ మాత్రం ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే మందే. రసాయనికంగా మార్చిన 18 అక్షరాల ముక్క అది. అప్పుడు అనుమతించిన ఒక్కో మోతాదు 12 మిల్లీగ్రాములు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఇస్తారు. మొదటి రెండు నెలల్లో నాలుగు మోతాదులు, ఆ తర్వాత నాలుగు నెలలకొకటి. ఇలాంటివాటిని యాంటీసెన్స్ మందులంటారు. రెండో రకం ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ: కణంలో ఒక జన్యువు పంపే సందేశాన్ని పట్టుకుని ముక్కలు చేయించే చిన్న జంట పోగు. 2018లో పటిసిరాన్‌తో ఈ రకం ఆసుపత్రికి చేరింది. కొలెస్ట్రాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ ఈ కోవలోదే. మొదటి రెండు మోతాదుల మధ్య మూడు నెలలు, తర్వాత ఆరు నెలలకొకసారి 284 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. మూడో రకం కోవిడ్ టీకాలతో అందరికీ తెలిసిన ఎంఆర్‌ఎన్‌ఏ: ఫలానా ప్రొటీన్ తయారు చేయమని కణానికి చెప్పే సందేశం. దాన్ని మన రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడకుండా ఒక అక్షరాన్ని రసాయనికంగా మార్చవచ్చని కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపారు. 2023 నోబెల్ ఆ పనికే వచ్చింది.

ఇప్పుడు ఏఐ ఎక్కడ అడుగుపెడుతుందో దగ్గర నుంచి చూద్దాం. అన్నిటికన్నా చిన్నది కాబట్టి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో మొదలుపెడతాం.

అణచాల్సిన జన్యువు సందేశం 3,000 అక్షరాల పొడవు ఉందనుకోండి. అందులో 21 అక్షరాల కిటికీని ఒక్కో అక్షరం చొప్పున జరుపుకుంటూ పోతే 2,980 చోట్లు వస్తాయి. ప్రతి చోటూ ఒక మందు కావచ్చు, చాలావరకు కాలేవు. మొదట మనుషుల్లో అక్షరాలు మారుతూ ఉండే చోట్లను తీసేస్తారు, లేకపోతే కొందరికి మందు పనిచేసి కొందరికి చేయదు. జీ, సీ అక్షరాల వాటా దాదాపు 30 నుంచి 52 శాతం మధ్య ఉన్నవాటిని ఉంచుతారు. అంతకన్నా ఎక్కువైతే జంట పోగు విడిపోదు, తక్కువైతే పట్టు చాలదు. పనిచేయాల్సిన పోగు మొదటి అక్షరం ఏ గానీ యూ గానీ అయితే మంచిది. కణంలోని యంత్రం రెండు పోగుల్లో వదులుగా ఉన్న కొస నుంచే ఒకదాన్ని ఎంచుకుంటుంది. కొస తప్పుగా ఉంటే పనికిరాని పోగును ఎక్కించుకుని, అసలు పోగును పారేస్తుంది. తర్వాత 2 నుంచి 8 వరకు ఉన్న ఏడు అక్షరాలు వేరే ఎన్ని జన్యువుల చివరి భాగాలతో జతకూడతాయో లెక్కపెడతారు. దుష్ప్రభావాలకు ఎక్కువగా మూలం ఈ ఏడు అక్షరాలే. ఇంతవరకు ఏఐ అవసరమే లేదు, మామూలు ప్రోగ్రాం చాలు. ఈ జల్లెడల్లో నిలిచినవాటిలో ఏది బలంగా అణచుతుందో ర్యాంకు ఇవ్వడానికే మోడల్ కావాలి. పై నుంచి ఓ 30 ఎంచి, తయారు చేయించి, కణాల మీద పరీక్షిస్తారు.

ఈ పని కొత్తదనుకుంటే పొరపాటు. 2005లోనే నోవార్టిస్ పరిశోధకులు 34 జన్యు సందేశాల మీద 2,431 ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలను కొలిచి, న్యూరల్ నెట్‌వర్క్ అనే రకం ఏఐ మోడల్‌కు నేర్పారు. ఆ మోడల్ పాతబడింది, ఆ కొలతల పట్టిక మాత్రం పాతబడలేదు. కొత్త పద్ధతి ప్రకటించేవాళ్లు నేటికీ దాన్నే ముందు పెట్టుకుంటారు. ఎందుకంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, అంత ఎక్కువ జన్యువుల మీద కొలిచిన బహిరంగ డేటా అంతకుమించి పెద్దగా లేదు. పైగా అందులో ఉన్నవి నేటి మందుల్లో వాడే రసాయన మార్పులు లేనివి. మార్పు చేయని ఆర్‌ఎన్‌ఏ రక్తంలో నిమిషాల్లో కరిగిపోతుంది. మందు కావాలంటే దాదాపు ప్రతి అక్షరానికీ ఫ్లోరిన్ గానీ మిథైల్ గానీ తగిలించాలి, కొసల్లో గంధకం చేర్చాలి. ఈ మార్పులు ఏ స్థానంలో వస్తే బలం తగ్గుతుందో పాత పట్టిక నుంచి ఏ మోడలూ నేర్చుకోలేదు. అందుకే ఇప్పుడు చాలా బృందాలు కంపెనీల పేటెంట్ పత్రాల్లోని పట్టికలను ఏరుకుంటున్నాయి. ఒక పట్టికలో మోతాదు 10 నానోమోలార్, ఇంకోదానిలో 1. ఒకచోట కాలేయ కణాలు, మరోచోట ఇంకేవో. వీటన్నిటినీ ఒకే గంపలో పోసి నేర్పితే మోడల్ నేర్చుకునేది ఏ కంపెనీ ఎలా కొలిచిందో తప్ప, ఏ ముక్క మంచిదో కాదు.

కొలత దగ్గర ఏం చెడుతుందో ఒక ఉదాహరణ. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో కణాలు వేసి, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఇచ్చి, 24 గంటల తర్వాత సందేశం ఎంత మిగిలిందో క్యూపీసీఆర్ అనే కొలత పరీక్షతో చూస్తారు. ప్లేటు అంచున ఉన్న 36 వెల్స్‌లో ద్రవం ఎక్కువగా ఆవిరవుతుంది, అక్కడి కణాలు వేరేగా ప్రవర్తిస్తాయి. మోడల్ ఇచ్చిన ర్యాంకుల వరస ప్రకారమే ముక్కల్ని మొదటి వెల్ నుంచి నింపుకుంటూ పోతే, మంచివని అనుకున్నవన్నీ మొదటి అడ్డువరసలో, అంటే అంచునే పడతాయి. అలా వచ్చిన ఫలితాన్ని మళ్లీ మోడల్‌కు నేర్పితే అది ప్లేటు అంచును నేర్చుకుంటుంది. చేయాల్సింది చిన్నదే: వెల్స్‌ను చీటీలు తీసినట్టు కలగలపాలి, అంచును కణాలు లేని ద్రవంతో నింపి వదిలేయాలి, ప్రతి ప్లేటులోనూ ఏమీ ఇవ్వని కణాలు, అర్థంలేని వరస ఇచ్చినవి, పనిచేస్తుందని ముందే తెలిసిన ముక్క ఇచ్చినవి ఉంచాలి. ఇంకొకటి. ముక్కను కణంలోకి చేర్చే కొవ్వు ద్రావణం మోతాదు మించితే కణాలే చచ్చిపోతాయి. కణాలు చస్తే అన్ని సందేశాలూ తగ్గుతాయి, జన్యువు భలేగా అణగిందనిపిస్తుంది. అందుకే పక్కనే కణాలు ఎన్ని బతికున్నాయో కొలవాలి, పోలిక కోసం వాడే జన్యువు కూడా పడిపోయిందేమో చూడాలి. ఇవి చేయని డేటా మీద ఎంత పెద్ద మోడల్ కట్టినా వృథా.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయే చోటు ఇంకొకటుంది. మోడల్ ఎంత బాగా ఊహిస్తుందో చెప్పడానికి డేటాలో కొంత భాగాన్ని దాచిపెట్టి, దానిమీద పరీక్షిస్తారు. ఆ దాచే పద్ధతిలోనే కిటుకు. ఒక అక్షరం జరిపిన రెండు పక్కపక్క ముక్కల్లో 21కి 20 అక్షరాలు ఒకటే. గుడ్డిగా విడదీస్తే వాటిలో ఒకటి నేర్చుకునే గంపలో, రెండోది పరీక్ష గంపలో పడుతుంది. క్లాసులో చేయించిన లెక్కనే అంకె మార్చి పరీక్షలో ఇచ్చినట్టు. మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, అప్పటిదాకా చూడని జన్యువు రాగానే చతికిలపడుతుంది. మందు ఎప్పుడూ కొత్త జన్యువు మీదే కావాలి కదా! అందుకని జన్యువులకు జన్యువులనే మొత్తంగా దాచిపెట్టాలి, పోలికలున్న వరసలన్నిటినీ ఒకే గుంపుగా కట్టి ఒకే వైపు ఉంచాలి. పక్కన జీసీ శాతం, మొదటి అక్షరం లాంటి నాలుగైదు లక్షణాలతో నడిచే మామూలు లెక్కను కూడా నడిపి చూడాలి. పెద్ద మోడల్ దాన్ని గట్టిగా దాటకపోతే ఆ మాట పత్రంలో రాయాలి. పోస్ట్‌డాక్ మీద పత్రాల ఒత్తిడి ఎంతున్నా ఇక్కడ మాత్రం రాజీ పడకూడదని మా గట్టి నమ్మకం. ఇక్కడ తప్పిన అంకె మీద తర్వాత ఎలుకలు పోతాయి, డబ్బు పోతుంది, రోగుల కాలం పోతుంది.

ఎంఆర్‌ఎన్‌ఏకి వస్తే సమస్య రూపమే వేరు. కోవిడ్ టీకాలోని స్పైక్ ప్రొటీన్‌లో 1,273 అమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా రాయవచ్చు కాబట్టి ఆ ప్రొటీన్‌ను రాయగల వరసలు 1 పక్కన 632 సున్నాలు పెట్టినంత సంఖ్యకు రెట్టింపు పైనే ఉంటాయి. అన్నీ ఒకే ప్రొటీన్‌ను ఇస్తాయి, కానీ కొన్ని గట్టిగా ముడుచుకుని ఎక్కువ కాలం నిలుస్తాయి, కొన్ని తొందరగా తెగుతాయి. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన లీనియర్‌డిజైన్ అనే పద్ధతి ఇందులో అత్యంత గట్టిగా ముడుచుకునే వరసను 11 నిమిషాల్లో వెతికిపెట్టింది. ఎలుకల్లో ప్రతిరక్షకాలు మామూలు వరసతో పోలిస్తే 128 రెట్ల వరకు పెరిగాయని ఆ పత్రం చెప్పింది. ‘నిమిషాల్లో మందు’ అనే మాటకు ఇలాంటి ఫలితాలే ఊపిరి. కానీ ఇది డేటా నుంచి నేర్చుకున్న ఏఐ కాదు. భాషాశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్న కచ్చితమైన లెక్క. ఒక పద్యపాదాన్ని ఎన్ని రకాలుగా పదచ్ఛేదం చేయవచ్చో అన్నిటినీ ఒక వల మీద పరిచి, అందులో అన్వయం కుదిరే దారి పట్టుకున్నట్టు, ఇక్కడ వరసలన్నిటినీ వల మీద పరిచి మంచి దారి పట్టుకుంటారు. తెలుగు చదువుకున్నవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది.

ఆ లెక్కకు తెలిసినవి రెండే: ముడత బలం, మనిషి కణం ఇష్టపడే కోడాన్ల (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాటల) వాడకం. ప్రయోగశాలలో ఆ వరసకు ఎదురయ్యేవి దానికి తెలియవు. ఎంఆర్‌ఎన్‌ఏను టీ7 అనే ఎంజైముతో తయారు చేస్తారు. 20 మైక్రోలీటర్ల చర్యలో 1 మైక్రోగ్రామ్ అచ్చు డీఎన్‌ఏ, 37 డిగ్రీలు, రెండు గంటలు. అన్నీ కుదిరితే 100 మైక్రోగ్రాముల పైన ఆర్‌ఎన్‌ఏ వస్తుంది. అచ్చును ముందుగా ఒక చోట కత్తిరించి సాపు చేయాలి. దానికి ఎక్కువగా వాడే బీఎస్‌పీక్యూ1 కత్తెర జీ-సీ-టీ-సీ-టీ-టీ-సీ అన్న ఏడు అక్షరాలను గుర్తుపడుతుంది. కంప్యూటర్ ఇచ్చిన వరస మధ్యలో ఈ ఏడూ, లేదా ఎదురు పోగు మీద చదివితే జీ-ఏ-ఏ-జీ-ఏ-జీ-సీ ఉంటే, కత్తెర అక్కడ కూడా తెగ్గొడుతుంది. అలా తెగిన అచ్చు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏలు కురచగా వస్తాయి. అణువులను పొడవును బట్టి విడదీసే జెల్ మీద అచ్చు ముక్కలుగా కనిపించాక గానీ తెలియదు, అప్పటికి జన్యువు తయారీకి పెట్టిన డబ్బూ వారాలూ పోయినట్టే. అలాగే ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసను కప్పడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే టోపీ రసాయనం అతకాలంటే సందేశం ఏ-జీతో మొదలవ్వాలి. ముందు భాగానికి మోడల్ సూచించిన వరస వేరే అక్షరంతో మొదలైతే దిగుబడి పడిపోతుంది. చివరన ఉండే ఏ-ఏ-ఏ తోకది ఇంకో బాధ. వంద దాటిన ఆ వరసను బ్యాక్టీరియా తనలో పెంచుతూ పెంచుతూ కురచ చేసేస్తుంది. ఫైజర్ టీకాలో తోకను 30, 70గా విడగొట్టి మధ్యలో 10 వేరే అక్షరాలు పెట్టారు.

ఇవన్నీ దాటినా టీ7 ఎంజైము తన వంతు తప్పు చేస్తుంది. ఒంటి పోగుతో పాటు కొంత జంట పోగు ఆర్‌ఎన్‌ఏను కూడా తయారు చేస్తుంది. కణం దాన్ని వైరస్ అనుకుని ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది. 16 శాతం ఇథనాల్ ఉన్న ద్రావణంలో సెల్యులోజ్ పొడితో కలిపితే జంట పోగులు దానికి అంటుకుపోతాయి, ఒంటి పోగు బయటికి వస్తుంది. చవకైన, మంచి పద్ధతి. ఈ శుద్ధి ఒక బ్యాచ్‌కు చేసి ఇంకో బ్యాచ్‌కు చేయకపోతే? ప్రొటీన్ తక్కువ వచ్చిన వరసను చెడ్డదని పట్టికలో రాసుకుంటాం. చెడింది శుద్ధి, నింద పడింది వరస మీద. మోడల్‌కు ఈ తేడా తెలిసే దారి లేదు. మార్చిన యూరిడిన్ (యూ అక్షరం) వాడినప్పుడు జారుడుగా ఉండే కొన్ని వరసల దగ్గర, సందేశాన్ని చదివి ప్రొటీన్ తయారు చేసే రైబోజోమ్ ఒక అక్షరం ముందుకు జారి వేరే ప్రొటీన్ తయారు చేయగలదని 2023 డిసెంబరులో కేంబ్రిడ్జ్ బృందం ప్రకటించింది. ఆ చోట పర్యాయపద కోడాన్ పెడితే జారడం తగ్గుతుంది. ఇలాంటి నియమం ఒకటి బయటపడినప్పుడల్లా పాత డిజైన్లన్నిటినీ మళ్లీ జల్లెడ పట్టాలి.

మోడల్ నిజంగా గెలిచిన చోటు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2019లో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం సందేశం ముందు భాగంలో వచ్చే 50 అక్షరాలను యాదృచ్ఛికంగా మార్చి 2,80,000 వరసలు తయారు చేసి, ఒక్కోదాని మీద ఎన్ని రైబోజోములు ఎక్కుతున్నాయో కొలిచింది. వాటి మీద నేర్చిన నెట్‌వర్క్ దాచిపెట్టిన వరసల్లోని తేడాల్లో 93 శాతాన్ని వివరించగలిగింది. ఇది ఎందుకు సాధ్యమైంది? ప్రశ్న చిన్నది, కొలత ఒకటే, సంఖ్య పెద్దది, మోడల్ కోసమే ప్రయోగాన్ని రూపొందించారు. అయినా అది ప్రయోగశాలలో పెరిగే ఒక కిడ్నీ కణజాతి మీది ఫలితం, కాలేయంలోనో కండరంలోనో అదే వరస అలాగే నడుస్తుందని కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు టీకా ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కడ తెగుతుందో ఊహించమని డేటా పోటీలు నడిపే కాగిల్ వేదిక మీద పోటీ పెట్టినప్పుడు కూడా మొత్తం 6,043 చిన్న ఆర్‌ఎన్‌ఏల మీద అక్షరం అక్షరం కొలిచారు. కొలతే ముందు.

ప్రొటీన్ల ఆకారాన్ని ఏఐ ఊహించినంత బాగా ఆర్‌ఎన్‌ఏ ఆకారాన్ని ఊహించలేకపోవడానికీ కారణం ఇదే. ప్రొటీన్లకు లక్షల్లో తెలిసిన ఆకారాలున్నాయి, ఆర్‌ఎన్‌ఏకి అందులో చాలా చిన్న వాటా. అణువుల ఆకారాలను ఊహించే కాస్ప్ అనే పోటీ 2022లో జరిగినప్పుడు ఆర్‌ఎన్‌ఏ విభాగంలో ముందు నిలిచిన నాలుగు బృందాలూ డీప్ లెర్నింగ్ (భారీ న్యూరల్ నెట్‌వర్కుల) మీద ఆధారపడినవి కావు.

వరస ఎంత మంచిదైనా ఒంట్లోకి చేర్చకపోతే ఫలితం లేదు. ఎంఆర్‌ఎన్‌ఏని కొవ్వు బొట్ల తొడుగులో పంపుతారు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అయిన పటిసిరాన్‌నీ అలాగే పంపుతారు. అందులో వాడిన పాళ్లు చెబుతాం, ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. అణువుల సంఖ్యలో నూటికి ఇన్ని వంతులుగా నాలుగు కొవ్వులు: విద్యుదావేశం మార్చుకునే ఎంసీ3 50 వంతులు, డీఎస్‌పీసీ 10, కొలెస్ట్రాల్ 38.5, పెగ్ కొవ్వు 1.5. ఒక మిల్లీగ్రామ్ ఆర్‌ఎన్‌ఏలో దాదాపు 3 మైక్రోమోల్ (మోల్ అంటే అణువుల సంఖ్యను కొలిచే ప్రమాణం) ఫాస్ఫేట్లుంటాయి. ఒక ఫాస్ఫేట్‌కు ఆరు నత్రజని పరమాణువుల నిష్పత్తి కావాలంటే మొదటి కొవ్వు ఎంసీ3 18 మైక్రోమోల్, అంటే 11.5 మిల్లీగ్రాముల పైచిలుకు. దానికి తగ్గట్టు డీఎస్‌పీసీ 3.6, కొలెస్ట్రాల్ సుమారు 13.9, పెగ్ కొవ్వు 0.54 మైక్రోమోల్. వీటిని ఇథనాల్‌లో కరిగించి, పీహెచ్ 4 ఉన్న ద్రావణంలోని ఆర్‌ఎన్‌ఏతో సన్నని గొట్టాల చిప్‌లో కలుపుతారు: నీటి భాగం మూడు, ఇథనాల్ ఒకటి. పీహెచ్ 4 దేనికంటే, ఎంసీ3 ఆవేశం మారే బిందువు 6.4 దగ్గర. అంతకన్నా ఆమ్లంగా ఉంటేనే అది ధనావేశంతో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. తర్వాత ఇథనాల్ పోయేదాకా డయాలసిస్ చేసి (సన్నని పొర గుండా ద్రవాన్ని మార్చి) పీహెచ్ 7.4కి తెస్తారు. బొట్టు సైజు 100 నానోమీటర్ల లోపు రావాలి. చేత్తో పైపెట్‌తో కలిపితే బొట్లు పెద్దవిగా, ఎగుడుదిగుడుగా వస్తాయి. లోపల ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉందో, ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని మెరిసే రైబోగ్రీన్ రంగుతో చూస్తారు. డిటర్జెంట్ వేసి బొట్టు పగలగొట్టక ముందు ఒక అంకె, పగలగొట్టాక ఒక అంకె, తేడాయే లోపలి సరుకు. 90 శాతానికి తగ్గితే ఆ బ్యాచ్ ఎలుకల దగ్గరికి వెళ్లకూడదు.

ఇన్ని పరీక్షల్లో నెగ్గినా కనబడని దోషం ఒకటుంది. పాతబడి ఆక్సీకరణం చెందిన కొవ్వు నుంచి వచ్చే ఆల్డిహైడ్ ఎంఆర్‌ఎన్‌ఏకి రసాయనికంగా అతుక్కుపోతుంది. సైజు బాగుంటుంది, రైబోగ్రీన్ బాగుంటుంది, మామూలు పద్ధతుల్లో పొడవూ సరిగానే ఉంటుంది. ప్రొటీన్ మాత్రం రాదు. 2021లో మోడెర్నా శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రకటించేదాకా ఎన్ని మంచి వరసలు చెడ్డవని ముద్ర పడి పోయాయో! కొవ్వు సీసా ఎప్పుడు తెరిచారో, ఏ బ్యాచ్‌దో రాసి ఉంచడం గుమాస్తా పని కాదు, డేటాలో భాగం. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ బొట్ల మీద 2013లో చేసిన కొలతల ప్రకారం కణం మింగిన సరుకులో, దాన్ని చుట్టిన కణంలోని సంచి నుంచి తప్పించుకుని పనికొచ్చేది 1, 2 శాతమే. కణాల్లో బాగా పనిచేసిన కొవ్వు మిశ్రమం ఎలుకలో కూడా బాగా పనిచేస్తుందన్న భరోసా లేదు. ప్లేటు మీది ఫలితాలతో నేర్చిన మోడల్‌ను ఒంట్లోకి నమ్మి పంపలేం.

జన్యువ్యాధులున్న పిల్లల తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. అమెరికాలో ఒకే ఒక్క చిన్నారి కోసం 22 అక్షరాల యాంటీసెన్స్ మందు తయారు చేసి 2018లో ఇచ్చారు. మూర్ఛలు తగ్గాయి, వ్యాధి నయం కాలేదు. అక్కడ దోషం దొరికింది మొత్తం జన్యుక్రమం చదివినందువల్లనే. ప్రొటీన్ రాసే భాగాలనే చదివే ఎక్సోమ్ పరీక్షలో ఇలాంటి లోపలి దోషాలు సాధారణంగా కనబడవు. ఎక్సోమ్‌లో ఏమీ దొరకలేదని చెప్పినప్పుడు, పూర్తి జన్యుక్రమం చదివించడం వల్ల ఉపయోగం ఉంటుందా అని జన్యు వైద్యుణ్ని అడగండి. అయితే ప్రతి దోషమూ ఇలా సరిచేయదగ్గది కాదు, జన్యువు మొత్తంగా పోయి, దానికి బదులుగా వాడుకోదగ్గ జంట జన్యువు కూడా లేనిచోట యాంటీసెన్స్‌కు పట్టుకునేందుకు ఏమీ ఉండదు. ఏఐ డిజైన్ చేసిస్తుందని చెప్పి డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు.

ఇక మన సంగతి. హైదరాబాద్ హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు సొంతంగా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పద్ధతిని నిలబెట్టినట్టు 2022 మేలో ప్రకటించారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఆర్‌ఎన్‌ఏ సాంకేతికత అందుకునే సంస్థగా హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ ఎంపికైంది. నగరానికి అటు కొసన గచ్చిబౌలిలో గణన జీవశాస్త్రం చేసే ట్రిపుల్ ఐటీ ఉంది. బెంచీ, కంప్యూటర్ రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. రెండిటి మధ్య నడవాల్సిన మనిషి పోస్ట్‌డాక్. పొద్దున కణాలకు మందు వేసి, సాయంత్రం అదే డేటా మీద కోడ్ రాసి, ఏ అంకె దేనివల్ల చెడిందో చెప్పగలిగేవాళ్లు. ఇప్పుడు ప్రకటనలు కంప్యూటర్‌వాళ్లకు వేరుగా, ల్యాబ్‌వాళ్లకు వేరుగా వస్తాయి. 2023లో సవరించిన ప్రకారం కేంద్ర ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అదే కోడింగ్ తెలిసిన మనిషికి పక్క వీధి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎంత ఇస్తారో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. మార్చిన న్యూక్లియోటైడ్లు, టోపీ రసాయనం ఎక్కువగా విదేశాల నుంచి డ్రై ఐస్‌లో రావాలి. విమానాశ్రయంలో రెండు రోజులు ఆగితే ఐస్ కరిగి, ఆర్డరు పోయి, ప్రయోగం నెలలు వెనక్కి పోతుంది.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు, ఇక్కడి పరిశోధన సంస్థలకు మా సూచన పెద్ద ఖర్చుతో కూడింది కాదు. సూపర్ కంప్యూటర్ కన్నా ముందు ఒక ఉమ్మడి కొలత గది పెట్టండి: ప్లేటు రీడర్, క్యూపీసీఆర్, చిప్ మిక్సర్, బొట్టు సైజు కొలిచే యంత్రం, కణాల గది, వీటిని నడిపే ఇద్దరు శాశ్వత సాంకేతిక సిబ్బంది. ఏ విశ్వవిద్యాలయ విద్యార్థి అయినా వరస పంపితే, ఒకే పద్ధతిలో, అవే కంట్రోళ్లతో (పోలిక నమూనాలతో) కొలిచి తిరిగి అంకె ఇవ్వాలి. ఆర్‌ఎన్‌ఏ ముడతలు లెక్కగట్టే వియన్నా ప్యాకేజీ లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే ఉన్నాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కాకినాడలోనో వరంగల్‌లోనో ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి కొరత కొలతకే.

పత్రికలకూ ఒక విన్నపం. ఏఐతో ఆర్‌ఎన్‌ఏ మందు అని ప్రకటన వచ్చినప్పుడు అది కంప్యూటర్‌లోనే ఉందా, కణాల దాకా వచ్చిందా, ఎలుకలో చూశారా, మనిషికి ఇచ్చారా అన్నది శీర్షికలోనే రాయండి. మోడల్ ఇంతకుముందు చూడని జన్యువు మీద పరీక్షించారా అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు తడబడితే వార్తను రెండో పేజీకి మార్చండి.

ప్రజాధనంతో నడిచే ప్రతి ప్రాజెక్టు నుంచీ కొలతల పట్టికను ఆరు నెలల్లో బహిరంగం చేయించాలన్నది మా చివరి కోరిక. అందులో వరస, రసాయన మార్పు స్థానాలు, కణజాతి, మోతాదు, గంటలు, ప్లేటు సంఖ్య, వెల్ స్థానం, ఆర్‌ఎన్‌ఏ బ్యాచ్, శుద్ధి పద్ధతి, కొవ్వు సీసా తేదీ, ఫలితం ఉండాలి. పనిచేయని ముక్కల అడ్డువరసలు కూడా అందులో ఉండాలి. ఇప్పుడవి పరిశోధకుల నోటు పుస్తకాల్లోనే ఆగిపోయి, పోస్ట్‌డాక్ కాంట్రాక్టు ముగిసిన రోజున వాళ్లతో పాటే వెళ్లిపోతున్నాయి.

ఇట్లు,
ఆర్‌ఎన్‌ఏ మందుల పరిశోధనలో ఉన్న కొందరు తెలుగు పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులు
హైదరాబాద్